ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ (AFL) ఆటగాడు శామ్ డి కోనింగ్‌కి డిఫెన్సా, రక్కా (అంపైర్ గాల్లోకి వేసిన బాల్ కోసం ఎగిరి పోటీపడే పొజిషన్)? ఏది బెస్ట్?

నన్నడిగితే డిఫెన్సే. 2019 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే చోట) జీలాంగ్ టీమ్ ఇతన్ని 19వ పిక్‌గా తీసుకుంది, 2021లో డెబ్యూ, ఆ మరుసటి ఏడాదే 21 ఏళ్లకి ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) గెలిచిన టీమ్‌లో మెయిన్ డిఫెండర్లలో ఒకడు, ఫైనల్లో సిడ్నీని 81 పాయింట్లతో కొట్టారు కదా, ఆ టీమ్.

హైటు 204 సెంటీమీటర్లు కాబట్టి 2024లో రక్‌లో కూడా బాగా వాడారు, అన్న టామ్ కూడా రక్‌మనే. కానీ రక్ అంటే అంపైర్ బాల్ వేసిన ప్రతిసారీ బరువైనోళ్లతో ఒళ్లు గుద్దుకుంటూ గ్రౌండంతా పరిగెత్తాలి. ఇతని అసలు బలం అది కాదండీ, అవతలి టీమ్ లాంగ్ కిక్ కొడితే అదెక్కడ పడుతుందో ముందే పసిగట్టి తను కాపలా కాసే మనిషిని వదిలేసి వెళ్లి గాల్లోనే మార్క్ (కిక్ కొట్టిన బాల్‌ని నేలమీద పడకుండా క్యాచ్) పట్టేయడం, అది వెనక డిఫెన్స్‌లో నిలబడితేనే కుదురుతుంది.