థ్రాటిల్ పాడవలేదు, రెండు బైండింగ్‌లు పోటీ పడుతున్నాయి

థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎం జాయ్‌స్టిక్‌కి అదే కంపెనీ టీడబ్ల్యూసీఎస్ థ్రాటిల్ (ఇంజన్ పవర్ పెంచి తగ్గించే లీవర్) జత చేశాక మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో పవర్ ఉన్నట్టుండి పడిపోతోందని, టేకాఫ్‌లో సెస్నా 172 అనే చిన్న విమానం ఎడమకి లాగుతోందని అడిగారు. థ్రాటిల్‌ని వెనక్కి పంపకండి. ఇవి రెండూ వేర్వేరు సంగతులు.

స్టిక్ అడుగున చిన్న స్లైడర్ ఉంది కదా, సిమ్ దానికీ థ్రాటిలే కేటాయిస్తుంది (ఇలాంటి కేటాయింపునే బైండింగ్ అంటారు). అది కాస్త వణికినా ఆ విలువే ఇంజన్‌కి వెళ్తుంది. కంట్రోల్స్‌లో స్టిక్‌ని ఎంచుకుని, థ్రాటిల్ యాక్సిస్ బైండింగ్ తీసేసి, ప్రొఫైల్ సేవ్ చేయండి. విమానం ముక్కును ఎడమకీ కుడికీ తిప్పే రడ్డర్‌కీ ఇదే తంటా: స్టిక్‌ని మెలితిప్పే ట్విస్ట్, థ్రాటిల్ మీద వేళ్లతో నొక్కే రాకర్, రెండింటిలో ఒక్కటే ఉంచండి.

ఎడమకి లాగడం చాలావరకు అసలు విమానం గుణమే. ఒంటి ప్రొపెల్లర్ విమానం ఫుల్ పవర్‌లో అలాగే లాగుతుంది, కుడి రడ్డర్ ఇవ్వాలి. అనుమానముంటే విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, జాయ్.సీపీఎల్ (joy.cpl) అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, స్టిక్ ప్రాపర్టీస్ తెరిచి, స్టిక్ మీంచి చేయి తీసేసి చూడండి. ట్విస్ట్ మధ్యలో నిలవకపోతే కాలిబ్రేట్ చేసి, దానికి మాత్రమే 3 నుంచి 5 శాతం డెడ్‌జోన్ (మధ్యలో చిన్న కదలికల్ని సిమ్ పట్టించుకోని భాగం) పెట్టండి. పిచ్ (ముక్కు పైకీ కిందికీ), రోల్ (రెక్కలు పక్కకి వాల్చడం) కదలికలకి అయస్కాంతంతో కచ్చితంగా కొలిచే హాల్ సెన్సార్లున్నాయి, అక్కడ డెడ్‌జోన్ పెంచితే ల్యాండింగ్‌లో సన్నని సవరణలు అందవు.