కూతురి ప్రేమ గురించి చెల్లెలికి

చెల్లీ,

అమ్మాయి ఎవరినో ఇష్టపడుతోందని తెలిసినప్పటి నుంచి నిద్ర పట్టట్లేదని రాశావు. అబ్బాయి గురించి ఆరాలు కూడా మొదలుపెట్టేసి ఉంటావు, నీ సంగతి నాకు తెలీదా! కాస్త ఆగు. ఇరవై దాటిన పిల్లను పోలీసులా నిలదీస్తే నీకు చెప్పడం మానేస్తుంది తప్ప అతన్ని కలవడం మానదు. రేపు నిజంగా ఏదైనా ఇబ్బంది వస్తే అందరికన్నా ఆఖర్న నీకు తెలుస్తుంది.

అతని ఉద్యోగం, జీతం తర్వాత అడగొచ్చు. ముందు మన పిల్ల సంగతి అడుగు. అతన్ని కలిసొచ్చాక హుషారుగా ఉంటోందా, లేక ఏం మాట జారానో అని టెన్షన్ పడుతోందా? పాత స్నేహితులతో ఇప్పటికీ తిరుగుతోందా? అన్నిటికన్నా ముఖ్యంగా, తను వద్దంటే అతను ఏం చేస్తాడు? ఇది చిన్న విషయాల్లోనే బయటపడుతుంది. "ఈ ఆదివారం రాలేను, పరీక్షకి చదువుకోవాలి" అంటే "సరే, అయ్యాక కలుద్దాం" అనేవాడు ఒక రకం. రెండు రోజులు మూతి ముడుచుకుని, ఫోన్ ఎత్తకుండా, చివరికి దీని చేతే సారీ చెప్పించుకునేవాడు ఇంకో రకం. ఆదివారం విషయంలోనే వద్దన్న మాట వినలేనివాడు ఒంటి మీద చెయ్యి వేసేటప్పుడు వింటాడని నాకు నమ్మకం లేదు. నిన్న సరే అన్నంత మాత్రాన ఇవాళ కూడా సరే అన్నట్టు కాదని, మధ్యలో మనసు మారినా ఆపమనొచ్చని దానికి నోరు విప్పి చెప్పు. మావాడికీ ఇదే చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాడు, అయినా వదల్లేదు.

ఫోన్ సంగతి కూడా చూసుకోమను. "ఎక్కడున్నావ్? లొకేషన్ పెట్టు. పక్కన ఎవరు? ఫొటో పంపు." మొదట్లో ఇదంతా ముచ్చటగానే ఉంటుంది, ఎంత ప్రేమో అనిపిస్తుంది. తర్వాత పాస్‌వర్డ్ అడుగుతారు, ఆ తర్వాత ఎవరితో మాట్లాడాలో వాళ్లే చెబుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం, 15 నుంచి 24 ఏళ్ల వయసులో ఒక బంధంలోకి వెళ్లిన అమ్మాయిల్లో దాదాపు నలుగురిలో ఒకరు భాగస్వామి చేతిలో హింస ఎదుర్కొన్నవాళ్లే. చదువుకున్న పిల్లకి ఇలా జరగదులే అనుకోకు.

ఇక నువ్వు నోరెత్తడానికి ఇబ్బంది పడే విషయం. కండోమ్ గర్భాన్నే కాదు, హెచ్‌ఐవీ లాంటి సుఖవ్యాధులను కూడా చాలావరకు అడ్డుకుంటుంది. గర్భనిరోధక మాత్రలు వ్యాధుల్ని ఆపవు. పొరపాటు జరిగితే వేసుకునే అత్యవసర మాత్ర ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, మామూలుగా 72 గంటల్లోపు. హెచ్‌ఐవీ సోకిందేమోనని భయం ఉంటే అది రాకుండా వేసుకునే మందు కూడా 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, అందుకు డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. "అమ్మకి తెలిస్తే చంపేస్తుంది" అని అది రెండు రోజులు దాచుకుంటే ఆ గడువు కాస్తా అయిపోతుంది.

ఎప్పుడైనా అతన్ని వదిలేస్తానంటే "నేను ముందే చెప్పానా" అని మాత్రం అనకు. బెదిరించే మనిషైతే విడిపోయే సమయమే అన్నిటికన్నా ప్రమాదం. ఆఖరిసారి మాట్లాడదాం రమ్మన్నా ఒంటరిగా వెళ్లనివ్వకు. ఫోన్లోనే చెప్పేయమను, వచ్చిన మెసేజ్‌లు చెరిపేయకుండా దాచమను. ఆ నాలుగు రోజులూ మా ఇంటికి పంపినా సరే, నేను ఏమీ అడగను.

అక్క