ఏడేళ్ల పిల్లాడు బేస్‌బాల్ బోర్ అంటున్నాడు: ఆట మాన్పించాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నారు, బాబుకి ఏడేళ్లు, బేస్‌బాల్‌లో ఇది రెండో సీజన్. "బోర్ కొడుతోంది, నేను రాను" అంటున్నాడు. ఇది అసలు పిల్లలకి సరదా ఆటేనా, లేక మాన్పించి క్రికెట్‌కో సాకర్‌కో పంపాలా అని అడిగారు.

బ్యాట్ చేతిలో ఉన్న పిల్లాడికి ఈ ఆట బోర్ కొట్టదండి. బంతి తన వైపు వస్తున్నప్పుడూ కొట్టదు. మిగతా టైమంతా ఊరికే నిలబడాలి, అక్కడే వస్తుంది చిక్కు. ఏడేళ్ల వాళ్ల మ్యాచ్‌లో ఒక్కో పిల్లాడికి బ్యాటింగ్ రెండు మూడు సార్లు వస్తుంది, ఫీల్డింగ్‌లో బంతి ఒకటో రెండో సార్లు తగులుతుంది. గంటన్నరలో అంతే. కాబట్టి మ్యాచ్ చూసి తేల్చకండి, ప్రాక్టీస్ చూడండి. పిల్లాడికి ఆట నచ్చేదీ విసుగొచ్చేదీ అక్కడే.

ఈ వారం ప్రాక్టీస్‌కి వెళ్లినప్పుడు ఒక లెక్క వేయండి. పన్నెండు మంది పిల్లలు, ఒకే కోచ్, గంట టైమ్. కోచ్ ఒక్కొక్కరికీ పదేసి బంతులు వేస్తూ మిగతా పదకొండు మందిని ఫీల్డ్‌లో నిలబెట్టాడనుకోండి. మొత్తం 120 బంతులు. ఒక్కో బంతికి, వెళ్లి తెచ్చుకోవడంతో కలిపి, 20 సెకన్లకి పైనే పడుతుంది. అంటే సుమారు ముప్పావు గంట. అందులో మీవాడు బ్యాట్ పట్టేది నాలుగు నిమిషాలు కూడా ఉండదు. మిగిలిన నలభై నిమిషాలు గడ్డి పీకుతూ, గ్లోవ్ నెత్తిన పెట్టుకుని తిరుగుతాడు. అలాంటి ప్రాక్టీస్‌లో ఏ పిల్లాడైనా బోరే అంటాడు.

అదే పన్నెండు మందిని నలుగురేసి మూడు గుంపులు చేస్తే కథ మారిపోతుంది. ఒక గుంపు టీ (బంతి నిలబెట్టే రబ్బరు స్టాండ్) మీద బంతి పెట్టుకుని వలలోకి కొడుతుంది. ఇంకో గుంపు నేల మీద దొర్లించిన బంతులు ఆపుతుంది. మూడోది కంచెకి కట్టిన బకెట్‌కో టార్గెట్‌కో గురిపెట్టి విసురుతుంది. పన్నెండేసి నిమిషాలకి ఒకసారి గుంపులు మారతాయి. బంతి తాకని నిమిషం దాదాపు ఉండదు. దీనికి కావల్సింది అదనంగా ఇద్దరు పెద్దవాళ్లు, అంతే. బంతి దొర్లించడానికి బేస్‌బాల్ తెలిసి ఉండక్కర్లేదు, గల్లీ క్రికెట్ ఆడిన ఏ నాన్నయినా చేయగలడు. చాలామంది కోచ్‌లు కూడా పిల్లల తల్లిదండ్రులే, జీతానికి చేసేవాళ్లు కారు. సహాయం చేస్తానంటే సంతోషిస్తారు. లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ నడిపే సంస్థ)లో అయితే వాలంటీర్లకి ఏటా బ్యాక్‌గ్రౌండ్ చెక్ తప్పనిసరి, ఆ ఫారం ముందే నింపి పెట్టుకోండి.

మీవాడు ఏ డివిజన్‌లో ఉన్నాడో కూడా చూడండి. నాలుగు నుంచి ఆరేళ్ల వాళ్లకి టీ-బాల్, బంతి రబ్బరు స్టాండ్ మీద ఉంటుంది. ఆ తర్వాత కోచ్ పిచ్, అంటే బంతి వేసేది కోచే, అదీ కొట్టడానికి వీలుగా. ఎనిమిదో ఏటి దగ్గర్లో కిడ్ పిచ్ మొదలవుతుంది, పిల్లలే పిల్లలకి వేస్తారు. నా దృష్టిలో ఈ ఆటలో అన్నిటికంటే బోర్ కొట్టేది కిడ్ పిచ్ మొదటి ఏడాది. లిటిల్ లీగ్ కొలతల్లో పిచర్‌కీ (బంతి వేసేవాడికీ), బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్‌కీ మధ్య దూరం 46 అడుగులు. ఎనిమిదేళ్ల చేతికి అంత దూరం నుంచి, మోకాళ్లకీ ఛాతీకీ మధ్య, ప్లేట్ మీదుగా బంతి వేయడం చాలా కష్టం. అలా పడకుండా పోయి, బ్యాటర్ ఊపకుండా వదిలేసిన బంతిని "బాల్" అంటారు. నాలుగు బాల్స్ పడితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి నడిచి వెళ్తాడు, దీన్నే వాక్ అంటారు. అలా వరసగా నలుగురైదుగురు నడుస్తారు. ఫీల్డర్లకి బంతే రాదు. బ్యాటర్లు కూడా "బ్యాట్ ఊపకపోతే మేలు" అని నేర్చేసుకుంటారు, ఆ అలవాటు పోగొట్టడానికి తర్వాత చాలా కాలం పడుతుంది.

అందుకే చాలా లీగుల్లో చిన్న వయసులో నాలుగు బాల్స్ అయ్యాక వాక్ ఇవ్వరు, కోచ్ వచ్చి మిగతా బంతులు వేస్తాడు. ఇన్నింగ్స్‌కి 5 పరుగులు వస్తే సైడ్ మార్చే రూల్ కూడా చాలాచోట్ల ఉంటుంది. రిజిస్ట్రేషన్ అప్పుడు ఈ రెండూ అడగండి. మనవాళ్లలో కొందరు క్లాసు ఎగరేయించినట్టు పిల్లాణ్ని ఏడేళ్లకే కిడ్ పిచ్‌లోకి తోస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. కోచ్ పిచ్‌లో ఇంకో ఏడాది ఉంటే వందల బంతులు కొడతాడు. పైకి పంపితే నిలబడి చూస్తాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఏడేళ్ల పిల్లాడు "భయమేస్తోంది" అని చెప్పడు, "బోర్" అంటాడు. మీవాడు బంతి వస్తుంటే మొహం పక్కకి తిప్పుతున్నాడా? గ్లోవ్ ముందుకి చాచకుండా పక్కన పెట్టి పట్టాలని చూస్తున్నాడా? బ్యాటింగ్‌లో ముందు కాలు ప్లేట్‌కి దూరంగా వెనక్కి జారుతోందా? వీటిలో ఏది కనిపించినా భయమే అనుకోండి. అసలు బేస్‌బాల్ బరువు 5 నుంచి 5.25 ఔన్సులు, అంటే సుమారు 142 నుంచి 149 గ్రాములు. క్రికెట్ బంతి కంటే కొంచెమే తక్కువ. ఒక్కసారి మూతికి తగిలితే ఆ సీజనంతా గుర్తుంటుంది.

తగలడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఛాతీ ఎత్తులో వచ్చే బంతికి పిల్లలు అరచెయ్యి పైకి పెట్టి, దోసిలి పట్టినట్టు గ్లోవ్ పెడతారు. బంతి గ్లోవ్ మడమకి తగిలి, పైకి లేచి నేరుగా మొహానికొస్తుంది. క్రికెట్‌లో రెండు చేతులూ కలిపి క్యాచ్ పట్టడం చూసిన పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. నేర్పాల్సింది చిన్న విషయం: బంతి నడుముకి పైన వస్తే వేళ్లు ఆకాశం వైపు, నడుముకి కింద వస్తే వేళ్లు నేల వైపు. గ్లోవ్ లేకుండా, టెన్నిస్ బంతితో, పది అడుగుల దూరం నుంచి, కింద చేతితో మెల్లగా వేస్తూ మొదలుపెట్టండి. వేసే ముందు "పైన" అనో "కింద" అనో మీరే చెప్పండి. రెండు మూడు రోజులకి చెప్పడం మానేయండి, వాడే చూసి తిప్పుతాడు. తర్వాత గ్లోవ్ తొడిగి అదే టెన్నిస్ బంతి, ఆ తర్వాత లెవెల్ 1 అని రాసి ఉండే మెత్తటి బేస్‌బాల్, దాంట్లో ధీమా వచ్చాక లెవెల్ 5. గట్టి బంతి చివర్న. ఒక మెట్టు దిగాల్సొస్తే దిగండి, తప్పేం లేదు.

గ్లోవ్ విషయంలో మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఉంది. కుడిచేత్తో విసిరే పిల్లాడికి గ్లోవ్ ఎడమ చేతికి ఉండాలి. "కుడిచేతి వాటం కదా" అని కుడిచేతికి సరిపోయేది కొనేస్తారు. బంతి పట్టాక విసరడానికి చెయ్యే ఖాళీగా ఉండదు. ఏడేళ్లకి 10 నుంచి 11 అంగుళాల గ్లోవ్ చాలు. పెరుగుతాడు కదా అని 12 అంగుళాలది కొంటే వేళ్లు చివరిదాకా అందవు, అసలు మూసుకోదు. కొట్లోనే తొడిగించి ఒక్క చేత్తో మూయమనండి. మూయలేకపోతే అది వాడి గ్లోవ్ కాదు. కొత్త తోలు గట్టిగా ఉంటే మధ్యలో బంతి పెట్టి, బెల్టుతో బిగించి రాత్రంతా ఉంచండి. రోజూ కాసేపు చేత్తో మడుస్తూ తెరుస్తూ ఉంటే వారంలో మెత్తబడుతుంది. ఓవెన్‌లోనో మైక్రోవేవ్‌లోనో పెట్టకండి, తోలు ఎండిపోయి పగులుతుంది.

బ్యాట్ ఏడేళ్లకి 26 అంగుళాలు, పొడుగు పిల్లాడైతే 27. దాని మీద మైనస్ 10, మైనస్ 11 అని ఉంటుంది. పొడవు అంగుళాల్లోంచి అంత తీసేస్తే బరువు ఔన్సుల్లో వస్తుంది. 26 అంగుళాల మైనస్ 11 అంటే 15 ఔన్సులు. ఒక్క చేత్తో పట్టుకుని, చెయ్యి పక్కకి చాచి 20 సెకన్లు నిలపలేకపోతే బరువెక్కువ. యు.ఎస్.ఎ. బేస్‌బాల్ ముద్ర ఉందో లేదో చూడండి, 2018 జనవరి నుంచి లిటిల్ లీగ్ చిన్న డివిజన్లలో అది లేని అల్యూమినియం, కాంపోజిట్ బ్యాట్లు ఒప్పుకోరు. టీ-బాల్‌కి మాత్రమే అని రాసి ఉన్న బ్యాట్‌తో గట్టి బంతి కొడితే సొట్ట పడుతుంది.

క్రికెట్ చూసి పెరిగిన ఇంట్లో ఇంకో మూడు అలవాట్లు అడ్డం వస్తాయి. నాన్నలు "బ్యాట్ నిటారుగా రానీ" అంటారు. ఇక్కడ బంతి నేలకి తగలకుండా వస్తుంది కాబట్టి బ్యాట్ దాదాపు అడ్డంగా, బంతి వచ్చే దారిలోనే రావాలి. రెండోది, క్రికెట్‌లో కొట్టినా పరుగెత్తకపోవచ్చు. ఇక్కడ బంతి ఫెయిర్ లైన్ల మధ్య పడిందంటే పరుగెత్తి తీరాలి, వికెట్ వెనక్కి తిప్పి కొట్టే షాట్లకి విలువే లేదు, అది ఫౌల్. మూడోది, బ్యాట్ చేత పట్టుకునే పరుగెత్తడం. బ్యాట్ అక్కడే కింద వదిలేయాలి. విసిరేయకూడదు, వెనకున్న క్యాచర్‌కి తగులుతుంది. మొదటి బేస్ దగ్గర ఆగకుండా దాటి పరుగెత్తొచ్చని, రెండో మూడో బేస్‌ల దగ్గర మాత్రం దాటితే అవుట్ చేయొచ్చని కూడా చెప్పండి. ఇవి తెలియక నలుగురి ముందు తప్పు చేసి, డగౌట్‌లో మూతి ముడుచుకుని కూర్చునే పిల్లలు ఎంతోమంది.

ఇంట్లో కొట్టించాలంటే టీ ఒకటి కొనండి. పిల్లాడి బెల్టు ఎత్తులో పెట్టి, స్టాండ్ వాడి పొట్టకి ఎదురుగా కాకుండా ముందు పాదానికి ఎదురుగా ఉండేలా నిలబెట్టండి. పొట్టకి ఎదురుగా ఉంటే చేతులు ముడుచుకునే కొట్టాలి, దెబ్బలో బలం రాదు. తలుపు కొట్టేటప్పుడు వాడే వేలి కణుపులు రెండు చేతులవీ ఒకే వరసలో ఉంటే పట్టు సరిగ్గా ఉన్నట్టు. బ్యాట్ మాటిమాటికీ రబ్బరు గొట్టానికి తగులుతుంటే వెనక భుజం కిందికి పడిపోతోందని అర్థం. "గట్టిగా కొట్టు" అనకండి, "పైన సగం బంతిని కొట్టు" అనండి. ముందు కాలు పక్కకి జారే పిల్లాడికి మడమల వెనక ఒక చెక్క ముక్క పెడితే అడుగు దానికి తగలగానే వాడికే తెలుస్తుంది. ఇరవై ఐదు బంతులు, పది నిమిషాలు, వారానికి మూడు రోజులు. అంతకు మించి వద్దు.

నలుగురు పిల్లలుంటే పెరట్లో విఫిల్ బాల్ ఆడించండి. ఇది 1953లో కనెక్టికట్‌లో తయారైన బోలు ప్లాస్టిక్ బంతి, ఒక వైపే ఎనిమిది కోల రంధ్రాలుంటాయి. ఆ రంధ్రాల వల్లే గాల్లో వంపు తిరుగుతుంది. కిటికీ పగలదు, తగిలినా నొప్పి ఉండదు. ఒకరు వేస్తారు, ఒకరు కొడతారు, ఇద్దరు ఫీల్డింగ్. మూడు సార్లు ఊపితే తరువాతివాడి వంతు. బేస్ మీదికి చేరినవాడి బదులు "దయ్యం రన్నర్" ఉన్నట్టు లెక్కేసుకుని మళ్లీ బ్యాటింగ్‌కి రావచ్చు. వాక్‌లు పెట్టకండి. బేస్‌బాల్‌లో ఉన్న మజా అంతా ఇందులో ఉంది, ఎదురుచూపు తప్ప.

అవుట్‌ఫీల్డ్‌లో, అంటే బేస్‌ల వెనక దూరంగా ఉండే గడ్డి భాగంలో, నిలబెట్టారని బాధపడుతుంటే కోచ్‌తో గొడవ పడకుండా వాడికో పని అప్పగించండి. రైట్ ఫీల్డ్‌లో ఉంటే మొదటి బేస్‌కి వేసే ప్రతి త్రో వెనక్కి పరుగెత్తాలి. లెఫ్ట్ అయితే మూడో బేస్ వెనక్కి, సెంటర్ అయితే రెండో బేస్ వెనక్కి. ఏడేళ్ల వాళ్ల త్రోలు సగం బేస్ దాటి పోతాయి కాబట్టి బంతి నిజంగానే దొరుకుతుంది. ప్రతి బంతికి ముందు "నాకొస్తే ఎక్కడికి వేస్తాను" అని మనసులో అనుకోమనండి. ఇన్నింగ్స్ అయ్యాక ఒక్క ప్రశ్న అడగండి, ఎన్నిసార్లు పరుగెత్తావు అని. స్కోరు అడగకండి.

టీవీలో చూస్తే బోర్ అంటే అది వేరే మాట. 2023 నుంచి మేజర్ లీగ్‌లో పిచ్ క్లాక్ వచ్చింది, బేస్‌లు ఖాళీగా ఉంటే పిచర్ 15 సెకన్లలో వేయాలి. సగటున మూడు గంటలు దాటే మ్యాచ్ 2 గంటల 40 నిమిషాలకి తగ్గింది. అయినా ఏడేళ్ల వాడికి అది ఎక్కువే. మీ ఊళ్లోనే రఫ్‌రైడర్స్ అనే మైనర్ లీగ్ జట్టు ఆడుతుంది కదా, అక్కడికి తీసుకెళ్లి నాలుగు ఇన్నింగ్స్ చూపించి వచ్చేయండి. మేజర్ లీగ్ జట్టు టెక్సాస్ రేంజర్స్ పిచర్ కుమార్ రాకర్ వాళ్లమ్మది భారతీయ మూలమని చెబితే పేరు చూసి పిల్లలు ఆసక్తిగా వింటారు.

ఇవన్నీ నాలుగు వారాలు చేసి చూడండి. పెరట్లో కూడా బ్యాట్ పట్టడానికి ఇష్టపడకపోతే, ఆటే నచ్చలేదన్నమాట. అప్పుడు సీజన్ మధ్యలో కాకుండా చివరిదాకా ఆడించి ఆపేయండి, పదీ పన్నెండు మంది జట్టులో ఒకరు తగ్గితే మిగతావాళ్లకి ఇబ్బంది. పెరట్లో ఇష్టంగా ఆడుతూ మైదానానికి వెళ్లనంటే మాత్రం జట్టునో కోచ్‌నో మార్చి చూడండి. ఫాల్ సీజన్ అందుకు అనువుగా ఉంటుంది, చాలాచోట్ల స్కోరు పట్టింపు తక్కువ, ప్రాక్టీసులూ తక్కువ.