నైట్ డ్యూటీ దిగి సైకిల్ ఎక్కుతున్నాను, ఐరన్‌మ్యాన్‌కి ఇలా సిద్ధం కావచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41, బరువు 66 కిలోలు. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. రెండు వారాలు డే డ్యూటీ, ఒక వారం నైట్. వచ్చే ఏడాది ఫుల్ ఐరన్‌మ్యాన్ ట్రయాథ్లాన్ (3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు) పూర్తి చేయాలని పట్టుదలగా ఉన్నాను. తెల్లవారుజామున మూడున్నరకు లేచి సైకిల్, సాయంత్రం కాలువలో ఈత, రాత్రి పరుగు. వారానికి 16 గంటల దాకా చేస్తున్నాను. నిద్ర ఐదు గంటలకు మించదు. నైట్ డ్యూటీ దిగితే నేరుగా సైకిల్ ఎక్కుతాను. నెలన్నరగా ఎంత చేసినా స్పీడ్ రావడం లేదు. పొద్దున లేవగానే పల్స్ ఇదివరకు 56 ఉండేది, ఇప్పుడు 68. ఐదు కిలోలు తగ్గాను. ఊరికే కోపం వస్తోందని మా ఆవిడ అంటోంది. మొన్న ఆదివారం లాంగ్ రైడ్ తర్వాత మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. మోకాలి నొప్పికి పరుగుకు ముందు డైక్లోఫెనాక్ మాత్ర వేసుకుంటున్నాను. షుగర్, బీపీ లేవు. మా నాన్నగారికి 52 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. ప్రోటీన్ పౌడర్ వాడితే ఈ నీరసం తగ్గుతుందా? ట్రైనింగ్ ఇంకా పెంచాలా?
పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ట్రైనింగ్ పెంచొద్దండి. రెండు వారాలు పూర్తిగా ఆపేయండి. సాయంత్రం పూట కాసేపు నడక చాలు. ఈ రెండు వారాల్లో కొన్ని పరీక్షలు చేయించుకోవాలి, కొంత నిద్ర బాకీ తీర్చాలి. ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఉద్యోగం చేసుకుంటూ ట్రయాథ్లాన్ పూర్తి చేసినవాళ్లు మన దేశంలో చాలామంది ఉన్నారు, మీరూ చేయగలరు. అయితే ఇప్పుడు వెళ్తున్న పద్ధతిలో రేసు కంటే ముందు ఆస్పత్రికి చేరే ప్రమాదం ఉంది.

మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ డికాక్షన్ రంగు మూత్రం. ఎండలో నీళ్లు చాలక మూత్రం ముదురు పసుపు రంగులో రావడం మామూలే, నీళ్లు తాగితే గంటల్లో తేటపడుతుంది. డికాక్షన్ రంగు వేరు. విపరీతమైన శ్రమకు కండరాల కణాలు పగిలి, వాటిలోని మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలో కలిసి, మూత్రపిండాల గుండా బయటికి వచ్చేటప్పుడు ఆ రంగు వస్తుంది. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. ముదిరితే కిడ్నీలు పనిచేయడం మానేస్తాయి. దీని మీద డైక్లోఫెనాక్ తోడైంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్త ప్రసరణ నిలబెట్టేవి ప్రోస్టాగ్లాండిన్లు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి మాత్రలన్నీ వాటినే అడ్డుకుంటాయి. అంటే కిడ్నీకి రక్షణ బాగా అవసరమైన సమయంలోనే మీరు ఆ రక్షణ తీసేస్తున్నారు. లాంగ్ రన్ ముందు, లాంగ్ రైడ్ మధ్యలో ఈ మాత్రలు ఇక వేసుకోకండి. నొప్పి తెలియకుండా చేసుకుని పరిగెత్తితే మోకాలికీ నష్టమే. ఈ వారమే ఆర్థోపెడిక్ డాక్టర్‌కి గానీ ఫిజియోథెరపిస్ట్‌కి గానీ చూపించండి. చాలాసార్లు సీటు ఎత్తు సరిచేసి, తొడ, పిరుదు కండరాలకు వ్యాయామం నేర్పితే మాత్ర అవసరమే రాదు.

రేపే సీపీకే (కండరాలు ఎంత దెబ్బతిన్నాయో చూపే రక్తపరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపేది), సోడియం, పొటాషియం, యూరిన్ పరీక్ష చేయించండి. రైడ్ అయి కొన్ని రోజులైంది కాబట్టి సీపీకే ఈపాటికి తగ్గి ఉండొచ్చు. అయినా క్రియాటినిన్ ఎలా ఉందో తెలియాలి. మళ్లీ ఎప్పుడైనా ఆ రంగు కనిపిస్తే, తొడలు బిగుసుకుని వాచినా, మూత్రం తగ్గినా, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

ఇక గుండె సంగతి. తండ్రికిగానీ అన్నదమ్ములకుగానీ 55 ఏళ్ల లోపు గుండెపోటు వస్తే దాన్ని మేం బలమైన కుటుంబ చరిత్రగా లెక్కిస్తాం. 35 ఏళ్లు దాటిన క్రీడాకారుల్లో వ్యాయామం చేస్తూ హఠాత్తుగా కుప్పకూలడానికి ప్రధాన కారణం గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడమే. ఫిట్‌గా ఉన్నంత మాత్రాన అది ఉండదని చెప్పలేం. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు జరిగిన ట్రయాథ్లాన్లను పరిశీలిస్తే, మరణాలు, గుండె ఆగి బతికి బయటపడిన ఘటనలు కలిపి 135 తేలాయి. అందులో మూడింట రెండు వంతులు ఈత దశలో జరిగినవే, బాధితుల్లో ఎక్కువమంది మగవాళ్లే. ఏటా లక్షల మంది పాల్గొనే పోటీలతో పోలిస్తే సంఖ్య చిన్నదే, అందుకని భయపడనక్కర్లేదు. మీ విషయంలో మాత్రం పరీక్ష చేయించకుండా దిగడం తప్పు.

షుగర్, బీపీ లేవన్నారు, ఎప్పుడు చూపించుకున్నారో రాయలేదు. బీపీ, ఈసీజీ, లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), ఎకో (గుండె స్కానింగ్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) చేయించండి. లైపోప్రోటీన్ ఏ అనే పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు, వంశపారంపర్యంగా వచ్చే ముప్పు ఏమేరకు ఉందో దానివల్ల కొంత తెలుస్తుంది. రిపోర్టులన్నీ పట్టుకుని కార్డియాలజిస్ట్‌ని కలిసి, ట్రయాథ్లాన్ మాట దాచకుండా చెప్పండి. టీఎంటీ నార్మల్ అని వచ్చినా అది ఆ రోజుకు చెప్పే మాటే. శ్రమ చేస్తుండగా ఛాతీ పట్టేసినట్టు, దవడకో ఎడమ చేతికో పాకినట్టు, కళ్లు తిరిగినట్టు, గుండె అదుపు తప్పి కొట్టుకున్నట్టు అనిపిస్తే అక్కడికక్కడే ఆగిపోవాలి. ఇలాంటివి గ్యాస్ అనుకుని మా దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాళ్లను చూస్తే మనసుకు చాలా కష్టంగా ఉంటుంది.

స్పీడ్ ఎందుకు రావడం లేదన్న దానికి నా సమాధానం నిద్ర. వ్యాయామం కండరాన్ని అలసిపోయేలా చేస్తుంది, అది బాగుపడి బలపడేది ఆ తర్వాత, ముఖ్యంగా గాఢనిద్రలో. చెరువులో మేత ఎంత వేసినా నీళ్లలో ఆక్సిజన్ లేకపోతే రొయ్య పెరగదని మీకు తెలుసు, పైగా తినకుండా మిగిలిన మేత అడుగున కుళ్లి చెరువునే పాడు చేస్తుంది. మీ 16 గంటల ట్రైనింగ్ ఇప్పుడు అలాగే ఉంది. పొద్దున పల్స్ 12 పెరగడం, చిరాకు, పెరగని స్పీడ్, తగ్గిన బరువు, ఇవన్నీ కలిసి వచ్చాయంటే శరీరం కోలుకోవడం లేదని అర్థం. రక్తహీనత, థైరాయిడ్, లోపల ఉన్న ఇన్ఫెక్షన్ కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ డి చూడాలి. అవి బాగుంటే కారణం శ్రమకు తగ్గ విశ్రాంతి లేకపోవడమే. రేపు చేయించమన్న కిడ్నీ పరీక్షలు ఆగకూడదు గానీ, వీటికి మాత్రం రక్తం డే డ్యూటీ వారంలో, రాత్రి బాగా పడుకుని లేచాక ఇవ్వండి. నైట్ దిగి ఇస్తే కొన్ని హార్మోన్ల లెక్కలు తారుమారవుతాయి.

కాబట్టి రోజు లెక్కను తిరగేయండి. ఇప్పటిదాకా డ్యూటీ, ట్రైనింగ్ పోగా మిగిలింది నిద్రకు ఇస్తున్నారు. ఇకనుంచి ముందు ఏడు గంటల నిద్ర పక్కన పెట్టండి, డ్యూటీ, ప్రయాణం, ఇంటి పనులు తీసేయండి, మిగిలినదే ట్రైనింగ్. డే డ్యూటీ వారాల్లో అది ఎనిమిది తొమ్మిది గంటలు వస్తుంది. రెండు ఈతలు, రెండు సైకిళ్లు, రెండు పరుగులు, అందులో ఒక్కటే లాంగ్, అదీ వీక్లీ ఆఫ్ రోజున. ఒక రోజు ఏమీ చేయకూడదు. ఎక్కువ భాగం మాట్లాడుతూ చేయగలిగే వేగంలోనే ఉండాలి. ప్రతి నాలుగో వారం మూడోవంతు తగ్గించండి.

నైట్ వారం వేరే లెక్క. డ్యూటీ దిగాక సైకిల్ మీద రోడ్డెక్కడం మాత్రం తప్పకుండా మానేయాలి. రాత్రంతా మేలుకున్న మనిషి కళ్లు తెరిచి ఉండగానే క్షణాలపాటు నిద్రలోకి జారిపోతాడు, ఆ సంగతి తనకే తెలియదు. మన రోడ్ల సంగతి మీకు నేను చెప్పాలా? సార్వా, దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, చలికాలం మంచు, పక్కనే కాలువ, ఎదురుగా రొయ్యల లోడ్ వ్యాన్. డ్యూటీ దిగాక నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఇంటికి వచ్చి, తేలికగా తిని, కిటికీలకు మందపాటి తెరలు వేసుకుని, ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకోండి. మధ్యాహ్నం లేచాక, మళ్లీ డ్యూటీకి ముందు అరగంట ముప్పావుగంట తేలికపాటి పరుగో, ఇంట్లో ట్రైనర్ స్టాండ్ (సైకిల్‌ని కదలకుండా నిలిపి తొక్కే స్టాండ్) మీద సైకిలో చాలు. ఆ వారంలో మూడుసార్లు చేస్తే ఎక్కువే. షిఫ్ట్ సగంలో నుంచి కాఫీ, టీ తాగొద్దు. ప్లాంటులో ఎనిమిది గంటలు తడి నేల మీద నిలబడే పని కూడా కాళ్లకు శ్రమేనని మర్చిపోకండి. ఆఫీసులో కూర్చునే ఉద్యోగి ప్లాన్‌ని ఇంటర్నెట్‌లో చూసి మీరు అనుసరిస్తే కుదరదు.

కాలువలో ఈత గురించి ఇంకాస్త వివరంగా చెప్పాలి. డెల్టాలో వరిచేలు, ఎలుకలు, పశువులు, నీళ్లు కలిసే ఉంటాయి. ఎలుకలు, పశువుల మూత్రం ద్వారా నీళ్లలో చేరే లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా కాళ్ల పగుళ్ల నుంచి, గీరుకున్న చోటు నుంచి, కళ్లు, ముక్కు, నోటి పొరల నుంచి ఒంట్లోకి పోతుంది. మీ చేతులు, కాళ్లు ప్లాంటులో రోజంతా తడిలో నాని ఉంటాయి కాబట్టి మీకు ముప్పు ఇంకాస్త ఎక్కువ. ఇది ట్రయాథ్లాన్‌కు కొత్త కూడా కాదు. 1998లో అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ చెరువులో జరిగిన ట్రయాథ్లాన్ తర్వాత పదుల సంఖ్యలో పోటీదారులకు ఈ జబ్బు వచ్చింది. ఈత కొట్టిన రెండు రోజుల నుంచి నెలలోపు ఎప్పుడైనా చలిజ్వరం, పిక్కల్లో తీవ్రమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం, పచ్చకామెర్లు కనిపిస్తే డాక్టర్‌కి "కాలువలో ఈదాను" అని మొదటి మాటగా చెప్పండి. ముందే తెలిస్తే మామూలు యాంటీబయోటిక్స్‌తో తగ్గుతుంది, ఆలస్యమైతే కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మీ నీరసానికి ఇదొక కారణమేమో కూడా చూడాలి కాబట్టి, ఈమధ్య జ్వరం తగిలి ఉంటే మీ డాక్టర్‌కి చెప్పండి. నివారణకని సొంతంగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ కొనుక్కుని వేసుకోవద్దు.

వీలైనంతవరకు స్విమ్మింగ్ పూల్‌లోనే చేయండి, దూరమైనా వారానికి రెండుసార్లే కదా. యనమదుర్రు లాంటి డ్రెయిన్లలో అసలు దిగకండి. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేశాక నిలిచిపోయిన నీళ్లలోనూ వద్దు. వరదల కాలంలో గోదావరి జోలికి పోవద్దు. నరసాపురం దగ్గర వశిష్ఠలో ఆటుపోట్ల లాగుడు పైకి కనిపించదు, మంచి ఈతగాళ్లనే లాక్కుపోతుంది. ఓపెన్ వాటర్ అలవాటు కోసం దిగాల్సి వస్తే పడవ పక్కన ఉండాలి, తోడు మనిషి ఉండాలి, నడుముకు రంగు ఫ్లోట్ కట్టుకోవాలి. కాళ్ల మీద చిన్న గాయం ఉన్నా ఆ రోజు మానేయండి.

నీళ్ల విషయం. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, కారిపోతుంది. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. రైడ్‌కి ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. బరువులో రెండు శాతం, అంటే మీకు కిలో మూడొందల గ్రాముల దాకా తగ్గినా ఫరవాలేదు. బరువు పెరిగితే మాత్రం అవసరానికి మించి తాగుతున్నారని అర్థం, అది ఇంకా ప్రమాదం. ఉత్త నీళ్లు విపరీతంగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, అయోమయం, చివరికి ఫిట్స్ వస్తాయి. దాహానికి తగ్గట్టు తాగండి. కొబ్బరి నీళ్లు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, చెమటలో పోయే సోడియం తక్కువ. గంట దాటిన శ్రమకు ఓఆర్ఎస్ గానీ ఉప్పు వేసిన మజ్జిగ గానీ ఉండాలి. ఎండలో మాట తడబడినా, మనిషి అయోమయంగా ప్రవర్తించినా అది వడదెబ్బ. అంబులెన్స్ వచ్చేలోపే చల్లటి నీళ్లతో ఒళ్లంతా తడపాలని మీతో వచ్చేవాళ్లకు చెప్పి ఉంచండి.

ప్రోటీన్ పౌడర్ అక్కర్లేదు, క్రియాటినిన్ రిపోర్ట్ వచ్చేదాకా అసలే వద్దు. మీ కొరత ప్రోటీన్ ఒక్కటే కాదు, మొత్తం తిండే చాలడం లేదు. ఖర్చుకు తగ్గట్టు తినని క్రీడాకారుల్లో హార్మోన్లు పడిపోతాయి, ఎముకలు పలచబడతాయి, మగవాళ్లలో టెస్టోస్టెరాన్ తగ్గి దాంపత్యం మీద ఆసక్తి పోతుంది. మీకు అలా అనిపిస్తుంటే మొహమాటపడకుండా డాక్టర్‌తో చెప్పండి. తెల్లవారుజామున పరగడుపున సైకిల్ ఎక్కొద్దు, రెండు అరటిపళ్లు తినండి. లాంగ్ రైడ్‌లో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఒక అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి ఖరీదైన జెల్స్ కొనలేకపోయినా నష్టం లేదు. దిగిన గంటలోపు కడుపు నిండా అన్నం, పప్పు, పెరుగు. మీ బరువుకు రోజుకు వంద గ్రాములకు కాస్త పైన ప్రోటీన్ కావాలి. రెండు గుడ్లు, పావుకిలో చేపలో రొయ్యలో, పప్పు, పాలు, పెరుగు, గుప్పెడు శనగలతో అది దాదాపు వచ్చేస్తుంది.

వచ్చే ఏడాది ఫుల్ చేయాలన్న నిర్ణయాన్ని ఒక్కసారి మార్చుకోమని అడుగుతున్నాను. గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 పోటీ ఉంది, అంటే ఫుల్‌లో సగం దూరాలు. 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు. వారానికి ఎనిమిది తొమ్మిది గంటల ట్రైనింగ్‌తో షిఫ్టుల మనిషి చేరుకోగలిగిన లక్ష్యం ఇది. అది హాయిగా పూర్తయి, పరీక్షలన్నీ బాగుంటే ఆ పై ఏడాది ఫుల్ గురించి ఆలోచిద్దాం. గోవా దారిలో ఎత్తుపల్లాలు ఉంటాయి, మన డెల్టాలో మెరక అనేదే ఉండదు. అప్పుడప్పుడు సెలవు రోజున ద్వారకాతిరుమల వైపు మెట్టకు వెళ్లి తొక్కండి, మిగతా రోజుల్లో ఎదురుగాలి చాలు.

ఈ రెండు వారాల్లో రోజూ లేవగానే, మంచం దిగకముందే పల్స్ చూసి రాసుకోండి. 60కి దగ్గరగా వచ్చి వారం పాటు అక్కడే నిలబడితే, కిడ్నీ రిపోర్టు బాగుండి, కార్డియాలజిస్ట్ సరేనంటే, పాత ట్రైనింగ్‌లో సగంతో మొదలుపెట్టండి. పల్స్ దిగకపోతే మొదలుపెట్టకుండా, ఆ కాగితం, రిపోర్టులు పట్టుకుని మీ డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లండి.