చిన్న డబ్బా కంప్యూటర్‌కు ఇంత అప్పా?

ప్రశ్న: మాది ఖమ్మం. ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చే జీతం 34,000. అద్దె, పాప ఫీజు కలిపి నెల ఖర్చు 27,000. బ్యాంకులో 22,000 ఉన్నాయి. మా ఆవిడకు ట్యాలీ వచ్చు. ఇంటి నుంచి లెక్కలు రాసిపెడితే నెలకు 6,000 ఇస్తామని రెండు షాపుల వాళ్లు అడుగుతున్నారు. ఇల్లు చిన్నది కాబట్టి చిన్న సైజు కంప్యూటర్ కావాలి. రైజెన్ 7 8700జీ ప్రాసెసర్, మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు మదర్‌బోర్డుతో 78,000కు కొటేషన్ ఇచ్చారు. అందులో ఆ రెండింటికే 44,000. నేను 20,000 పెట్టి, మిగతా 58,000 లోన్ యాప్‌లో తీసుకుందామనుకుంటున్నాను. నెలకు రెండున్నర శాతం ఫ్లాట్, 12 నెలలు, ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం. లిమిట్ శాంక్షన్ అయింది, ఇంకా తీసుకోలేదు. పాత మానిటర్ ఉంది. ఇంతకన్నా తక్కువలో ఏ ప్రాసెసర్, ఏ బోర్డు మంచిది?

జవాబు: ప్రాసెసర్ సంగతి చెబుతాను. ముందు మీరు తీయబోతున్న ఆ 20,000 గురించి మాట్లాడుకుందాం.

అది తీస్తే బ్యాంకులో మిగిలేది 2,000. నెల ఖర్చు పోను మీకు మిగిలేది 7,000, ఈఎంఐ 6,283. అంటే ఏడాది పాటు మీ ఇంటికి నెలకు 717 రూపాయల వెసులుబాటు. పాపకు జ్వరం వచ్చి డాక్టరు రెండు రక్త పరీక్షలు రాస్తే ఆ 717 ల్యాబు కౌంటర్ దగ్గరే అయిపోతుంది. ‘ఈఎంఐ కట్టగలనా’ అని అందరూ లెక్క వేసుకుంటారు. ‘ఒక నెల జీతం ఆగితే ఏం పెట్టి కట్టాలి’ అన్న లెక్క ఎవరూ వేయరు. మీ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం ఇదే.

ఇక ఆ రెండున్నర శాతం. వడ్డీ 17,400, మొత్తం కట్టేది 75,400. నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం చివరిదాకా మొత్తం 58,000 మీదే వేస్తారు. ఫీజు 1,740, దాని మీద జీఎస్టీ 313 ముందే కోసుకుంటే చేతికొచ్చేది 55,947. తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే ఇది ఏడాదికి 59 శాతం దగ్గర తేలుతుంది. మన లెక్కలో చెప్పాలంటే నూటికి ఐదు రూపాయల వడ్డీ! అదే మాట వీధి చివరి వడ్డీ వ్యాపారి అంటే మీరు లేచి వచ్చేస్తారు. ఫోన్‌లో ‘2.5’ అని కనిపించేసరికి చవకగా అనిపించింది. ఇంకో సంగతి చూశారా? 78,000లో మీ 20,000, యాప్ ఇచ్చే 55,947 పోను ఇంకా 2,053 తక్కువ పడుతుంది. బ్యాంకులో మిగిలే ఆ 2,000 కూడా అక్కడికే.

ఇప్పుడు కంప్యూటర్. 8700జీలో ఎనిమిది కోర్లు (పని చేసే భాగాలు), ఆటలకు పనికొచ్చే గ్రాఫిక్స్ ఉంటాయి. ట్యాలీకి, ఎక్సెల్‌కి, పాప వీడియో క్లాసులకి ఇవేవీ అక్కర్లేదు. ఇంటెల్ ఐ3-12100 చాలు, నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). దానికి డీడీఆర్4 ర్యామ్ పట్టే హెచ్610 రకం బోర్డు, మైక్రో ఏటీఎక్స్ సైజుది. రెండూ కలిపి 16,000 లోపు రావాలి.

పేరు చివర అక్షరం చూసుకోండి. 12100ఎఫ్ అని ఇంకొకటి ఉంటుంది, కాస్త చవక. అందులో గ్రాఫిక్స్ ఉండవు. బోర్డు వెనక హెచ్‌డీఎంఐ కనిపిస్తుంది కానీ బొమ్మ రాదు. వారం తిరక్కుండా గ్రాఫిక్స్ కార్డు కోసం మళ్లీ అదే షాపుకు వెళ్తారు. రైజెన్ తయారుచేసే ఏఎండీలోనూ ఇదే తంటా. రైజెన్ 5 5600జీ, 5500జీటీలకు గ్రాఫిక్స్ ఉన్నాయి. ఉత్త 5600, ఉత్త 5500లకు లేవు. ఏఎండీ వైపు వెళ్తే ఏ520 బోర్డు సరిపోతుంది. పాత స్టాక్ బోర్డయితే బయోస్ (బోర్డును ఆన్ చేసే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయనిదే ఈ ప్రాసెసర్లతో ఆన్ కాకపోవచ్చు, కాబట్టి షాపులోనే ఆన్ చేయించి చూడండి. 12100కు హెచ్610తో ఆ బెడద లేదు.

హెచ్610లో డీడీఆర్4 బోర్డులు, డీడీఆర్5 బోర్డులు వేరు. ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో ఎక్కదు, గాడి వేరే చోట ఉంటుంది. డబ్బా మీద డీ4 లేదా డీడీఆర్4 అని చదివాకే బిల్లు వేయించండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకే ఇప్పటికి 8 జీబీ స్టిక్ ఒక్కటే వేసి, రెండో స్లాట్ ఖాళీగా ఉంచండి. ట్యాలీకి ఇబ్బంది ఉండదు. ఏఎండీ తీసుకుంటే మాత్రం ఈ పొదుపు అంత మంచిది కాదు. ఆ గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటాయి, ఒక్క స్టిక్‌తో నీరసపడతాయి.

చిన్న సైజు కోసమే ఐటీఎక్స్ అనుకుంటే, ఆ బోర్డు 170 మిల్లీమీటర్ల చదరం, మైక్రో ఏటీఎక్స్ 244. తేడా ఏడున్నర సెంటీమీటర్లు కూడా లేదు. దానికి వేలకు వేలు పోయడం దండగ. చిన్న మైక్రో ఏటీఎక్స్ క్యాబినెట్ టేబుల్ కింద సర్దుకుంటుంది. ప్రాసెసర్ బాక్సులో వచ్చే కూలర్ ఎత్తు ఐదు సెంటీమీటర్ల దాకా ఉంటుంది, మరీ పలచటి క్యాబినెట్ అయితే లోపలి ఎత్తు కొలుచుకోండి. మీ పాత మానిటర్‌కు వీజీఏ (పాత రకం పోర్టు) ఒక్కటే ఉందేమో చూడండి. చవక హెచ్610 బోర్డుల్లో చాలావాటికి ఆ పోర్టు ఉంటుంది, ఖరీదైన ఐటీఎక్స్ బోర్డులకు ఉండదు. వైఫై మాత్రం చవక బోర్డుల్లో దాదాపుగా రాదు. ల్యాన్ వైరు లాగండి, కుదరకపోతే యూఎస్‌బీ డాంగిల్. కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్, క్యాబినెట్‌తో ఊరికే ఇచ్చేది వద్దు, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని తెలిపే ముద్ర) ఉన్న 450 వాట్లది విడిగా తీసుకోండి. ఫైళ్లు దాచే 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీతో కలిపి కంప్యూటర్ మొత్తం 33,000 దాటకుండా బేరమాడండి.

సీలు వేసిన బాక్స్ ప్రాసెసరే అడగండి, మూడేళ్ల వారంటీ ఉంటుంది. ‘బిల్లు లేకపోతే జీఎస్టీ మిగులుతుంది’ అంటే ఒప్పుకోవద్దు. బిల్లు మీద సీరియల్ నంబర్లు ఉండాలి. ఇంటెల్ బోర్డుల్లో పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి. ప్రాసెసర్ పెట్టకముందే వెలుతురులో ఒక ఫొటో తీసుకోండి, పైనుండే ప్లాస్టిక్ మూత దాచండి. పిన్ను వంగిందంటే వారంటీ ఇవ్వరు.

డబ్బు ఎలా? ముందు అత్యవసర నిధి. మీకు కనీసం మూడు నెలల ఖర్చు, 81,000 ఉండాలి. అది నిండేదాకా ఆగమంటే మీరు వినరని తెలుసు. కనీసం నెలన్నర ఖర్చు, 40,500 అయ్యేదాకా ఆ 22,000ను ముట్టుకోకండి. నెలకు 7,000 వేస్తే మూడో నెలకు 43,000 అవుతుంది. అక్కడి నుంచి ఐదు నెలల మిగులు కంప్యూటర్‌కు. మధ్యలో ‘ఈ నెల ప్రాసెసర్, వచ్చే నెల బోర్డు’ అని విడివిడిగా కొనొద్దు. రెండూ ఉంటే తప్ప దేన్నీ పరీక్షించలేరు, ఈలోగా వారం పది రోజుల రిటర్న్ గడువు దాటిపోతుంది.

అంతకాలం ఆ రెండు షాపుల వాళ్లు ఆగరంటే, వాళ్లనే రెండు నెలల అడ్వాన్సు అడగండి. పని నిజంగా ఉంటే 12,000 ఇస్తారు, ఇవ్వకపోతే ఆ 6,000ను ఆదాయంగా లెక్కేయకండి. అడ్వాన్సుకు ఒక నెల మిగులు కలిపితే ఆఫీసుల్లో వాడి, బాగుచేసి అమ్మే (రీఫర్బిష్డ్) చిన్న కంప్యూటర్ వెతకొచ్చు. ఎనిమిదో తరం ఇంటెల్ కంటే పాతది మాత్రం వద్దు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది, ఏడో తరంలో దాదాపు దేన్నీ విండోస్ 11 ఒప్పుకోదు. మీ ఆవిడ మహిళా సంఘంలో ఉంటే అక్కడి అప్పు యాప్ కంటే ఎన్నో రెట్లు నయం. కార్డు ‘నో కాస్ట్ ఈఎంఐ’లో వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఫీజు మీవే, పైగా నగదు ధరకు బేరం పోతుంది. ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. కంపెనీ పాలసీలో పాప, ఆవిడ పేర్లు ఉన్నాయో లేదో ఈ వారమే అడగండి.

శాంక్షన్ అయిన లిమిట్ సంగతి. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే పని అయిపోదు. లిమిట్ కోసం, ఖాతాలోంచి వాయిదా దానంతటదే కోసుకునే ఈ-మ్యాండేట్ గానీ యూపీఐ ఆటోపే గానీ ఒప్పుకొని ఉంటారు. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి దాన్ని రద్దు చేయండి, లిమిట్ మూసేయమని అప్పు ఇచ్చే సంస్థకు మెయిల్ పెట్టండి. ఈ జవాబు చదివేలోపే డబ్బు ఖాతాలో పడి ఉంటే అప్పు షరతులు ఉండే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ తెరిచి, అప్పు వెనక్కి ఇచ్చేయగల కూలింగ్ ఆఫ్ గడువు ఎంతో చూడండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అది కనీసం ఒక రోజు ఉండాలి. ఆలోపు అసలు, ఆ రోజులకు పడే వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజులో కొంత పోవచ్చు, పోనివ్వండి.