క్లిప్‌లెస్ పెడల్స్ వేసినప్పటి నుంచి ఆగిన ప్రతిసారీ పడుతున్నాను, తీసేయమంటారా?

ఇప్పుడే తీసేయకండి. (తెలియని వాళ్ల కోసం: క్లిప్‌లెస్ అంటే షూ అడుగున బిగించిన చిన్న లోహపు ముక్క, అదే క్లీట్, పెడల్‌లోకి తగులుకుని పాదాన్ని పట్టి ఉంచే రకం.) మీరు రాసిన దాంట్లోనే సగం జవాబుంది. సైకిల్ పరుగులో ఉండగా ఒక్కసారీ పడలేదు, పడిందల్లా ఎత్తెక్కుతూ ఆగిపోయినప్పుడు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడబోయినప్పుడు. ఈ పెడల్స్‌తో దాదాపు అందరూ పడేది అలాగే. వేగంలో పడితే పాదం ఎలాగూ మెలి తిరుగుతుంది, క్లీట్ చాలాసార్లు దానంతటదే ఊడిపోతుంది. చిక్కంతా నిలబడిపోయిన సైకిల్‌తోనే.

కాలికి పని చెప్పే ముందు పెడల్‌ని చూడండి. షిమానో కంపెనీ ఎస్‌పీడీ (క్లిప్‌లెస్‌లో ఒక రకం) పెడల్స్ అంటున్నారు కాబట్టి ప్రతి పెడల్‌కీ పైన ఒకటి, కింద ఒకటి చిన్న స్క్రూలు ఉంటాయి, 3 ఎంఎం అలెన్ కీ పడుతుంది. మైనస్ గుర్తు వైపు తిప్పితే స్ప్రింగు బిగువు తగ్గుతుంది. రెండు పెడల్స్‌కీ కలిపి నాలుగు స్క్రూలు, నాలుగింటినీ పూర్తిగా వదులు చేయండి. ఒకటి మరిచిపోతే ఒక వైపు తేలిగ్గా వచ్చే కాలు, పెడల్ తిరగబడిన రోజు మొండికేస్తుంది. ఆ తర్వాత క్లీట్లు. పెడల్స్‌తో పాటు డబ్బాలో సాధారణంగా వచ్చేవి ఎస్‌హెచ్51, మడమను పక్కకు తిప్పితేనే వదులుతాయి. ఎస్‌హెచ్56 అని విడిగా దొరుకుతాయి. అవి ఏ పక్కకు తిప్పినా, కంగారులో పైకి గట్టిగా గుంజినా వదులుతాయి. నిలబడి బలంగా తొక్కేటప్పుడు ఎప్పుడైనా పాదం జారొచ్చు, కానీ నేర్చుకునే వాళ్లకు ఆ నష్టం లెక్కలోది కాదు. నన్నడిగితే మొదటి ఖర్చు దీనికే పెట్టాలి.

ఇక అసలు సంగతి. నేను నేర్చుకున్నది వికారాబాద్ దగ్గర అనంతగిరి దారుల్లో. ఎర్రమట్టి ఎత్తు, మధ్యలో తేలిన రాళ్లు. ముందు చక్రం రాయికి తగిలి ఆగుతుంది. ఇంకొక్క తొక్కు తొక్కితే దాటేస్తాను అనిపిస్తుంది. ఆ తొక్కు పడదు. సైకిల్ ఒరగడం మొదలవుతుంది, అప్పుడు పాదం గుర్తొస్తుంది, పైకి లాగుతాం, రాదు. ఒరిగిన వైపు కాలి మీద బరువు పడిపోయాక మడమ తిప్పడం కూడా కష్టమే. కాబట్టి నేర్చుకోవాల్సింది మడమ తిప్పడం కాదు, అది పది నిమిషాల్లో వస్తుంది. 'ఇక దాటలేనేమో' అనే అనుమానం వచ్చిన క్షణాన, సైకిల్ ఇంకా కదులుతుండగానే కాలు తీసేయడం నేర్చుకోవాలి. అప్పుడప్పుడు దాటగలిగే రాయి దగ్గర కూడా తీసేస్తారు, పరవాలేదు.

దీనికి నాకు పనికొచ్చిన సాధన ఒకటే. గడ్డి ఉన్న చిన్న వాలు చూసుకుని, తేలిక గేరులో ఎక్కుతూ, ఫలానా రాయి దగ్గర ఆగాలి అని ముందే అనుకోండి. దానికి నాలుగైదు గజాల ముందే పెడల్‌ని కిందికి తెచ్చి, మడమను బయటికి తిప్పి, ఆ వైపుకే కొంచెం ఒరిగి కాలు దించండి. ఎడమ కాలు తీసి కుడి వైపు ఒరిగే వాళ్లను చాలామందిని చూశాను, చూడ్డానికి నవ్వొస్తుంది కానీ దెబ్బ మాత్రం నిజమే.

ఏ కాలు తీయాలి అంటే, రోడ్డు మీద ఎడమదే. మనం ఎడమ పక్కన పోతాం కాబట్టి పడినా రోడ్డు అంచుకే పడతాం, వెనకాల వచ్చే ఆటో కింద కాదు. కొండ వాలుకు అడ్డంగా పోయే సన్నదారిలో మాత్రం కొండ వైపు కాలే తీయాలి, లోయ వైపు నేల అందదు. అందుకే రెండు కాళ్లకూ అలవాటు చేయాలి. ఎత్తు మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు క్లిప్ కోసం వెతుక్కోకండి. ఒక కాలు తగిలించి, రెండోది షూ మధ్య భాగంతో పెడల్ మీద పెట్టి తొక్కేయండి. ఊపు వచ్చాక అదే కుదురుకుంటుంది.

ఒక హెచ్చరిక. క్లీట్ బోల్టు వదులైతే మడమ ఎంత తిప్పినా షూ కింద క్లీట్ మాత్రమే తిరుగుతుంది, పెడల్ వదలదు. మాతో వచ్చిన ఒకాయనకు అలాగే అయింది. ఆయన గోడను పట్టుకుని నిలబడితే మేం షూ విప్పి కాలు బయటికి తీశాం, షూ పెడల్‌కే వేలాడింది. కొత్త క్లీట్ వేశాక మొదటి రైడ్ అయిన వెంటనే 4 ఎంఎం కీతో మళ్లీ బిగించండి. వానల్లో రేగడి మట్టి క్లీట్ సందులో కూరుకుపోతుంది, పుల్లతో గీకి తీస్తే గానీ తగులుకోదు.

తీసేయడం తప్పా అని కూడా అడిగారు. అస్సలు కాదు. 2017, 2018, 2019లో వరసగా ఎండ్యూరో వరల్డ్ సిరీస్ (కొండదారుల సైకిల్ పోటీలు) గెలిచిన ఆస్ట్రేలియా రైడర్ సామ్ హిల్ తొక్కింది క్లీట్ తగులుకోని మామూలు ఫ్లాట్ పెడల్సే. పైగా ముందు చక్రం, వెనక చక్రం ఎత్తడం లాంటివి ఫ్లాట్స్ మీద నేర్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం. క్లిప్ ఉంటే కాలితో లాగేసి పని అయిందనిపించుకుంటాం, ఒడుపు రాదు. మీరు వారం పొడవునా ఆఫీసుకు కూడా ఇదే సైకిల్ మీద వెళ్తున్నారు కాబట్టి ఒక పక్క ఫ్లాట్, ఒక పక్క ఎస్‌పీడీ ఉండే పెడల్స్ కూడా ఆలోచించండి. ఇబ్బందల్లా, ప్రతిసారీ కావలసిన పక్క పైకి తిప్పుకోవాలి.

ఈలోగా గ్లౌజులు, మోచేతి ప్యాడ్లు వేసుకోండి. పక్కకు ఒరిగిపోతున్నప్పుడు చెయ్యి చాచకండి, మణికట్టు విరిగేది అక్కడే. హ్యాండిల్ పట్టుకునే పడండి.