ఐదు పాస్‌ల కంపైలర్ ఒక్క పాస్‌లో ఇముడుతుందా?

ప్రశ్న: నేను నల్లగొండలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాషకు కంపైలర్ (ఆ భాషలోని ప్రోగ్రామును యంత్రం నడిపే కోడ్‌గా మార్చేది) రాశాను. టోకెన్లు (విడి మాటలు, గుర్తులు) వేరు చేయడం, సింటాక్స్ ట్రీ (ప్రోగ్రాము నిర్మాణాన్ని చూపే చెట్టు) కట్టడం, పేర్లను సరిచూడడం, మధ్యంతర కోడ్ తీయడం, చివరకు స్టాక్ మెషీన్ (విలువలను దొంతరగా పేర్చి, పైనున్న వాటితో లెక్క చేసే యంత్రం) కోడ్ రాయడం అని అది ఐదు పాస్‌లలో, అంటే ప్రోగ్రామును మొదటి నుంచి చివరిదాకా ఐదుసార్లు చదువుతూ, నడుస్తుంది. ఒక పాస్ రాసిన ఫైలును తరువాతి పాస్ చదువుకుంటుంది. దీనిని సింగిల్ పాస్‌గా మార్చమని మా గైడ్ అంటున్నారు. అంతా మొదటి నుంచి రాయవలసిందేనా?
– ఒక విద్యార్థి, నల్లగొండ

జవాబు: అంతా తిరిగి రాయనక్కరలేదు. అలాగని పాస్‌లను ఒక్కొక్కటిగా తీసేస్తూ పోవడమూ పద్ధతి కాదు. ముందుగా ఒక కాగితం మీద, ప్రతి పాస్ తన తరువాతి దానికి ఏ సమాచారం అందిస్తున్నదో, ఆ సమాచారం మూల ప్రోగ్రాములో ఎంత దూరం చదివితే తెలుస్తుందో రాసుకోండి. అక్కడికక్కడే తెలిసేదైతే ఆ రెండు పాస్‌లను నిశ్చింతగా కలిపేయవచ్చు. ఇంకా ముందుకు చదివితే గాని తెలియనిదైతే అసలు పని అక్కడ ఉన్నట్టు.

ఇన్ని పాస్‌లు వాడుకలోకి రావడానికి ఒక ముఖ్య కారణం మెమరీ కరువు. ఐబీఎం 1401 యంత్రానికి రాసిన ఫోర్ట్రాన్ కంపైలర్ 8,000 అక్షరాల మెమరీలో నడవవలసి వచ్చి 63 ఫేజులుగా (దశలుగా) చీలింది. మూల ప్రోగ్రాము మెమరీలోనే కూర్చుని ఉంటే, ఫేజులే ఒకదాని వెనుక ఒకటి వచ్చి దానిని మార్చి పోయేవి. మీ లాప్‌టాప్‌కు ఆ ఇబ్బంది లేదు గనుక మధ్యలోని ఫైళ్ళను ముందు తీసివేయండి. టోకెన్లన్నీ ఫైలులో పోయడానికి బదులు, పార్సర్ (టోకెన్లను భాష నియమాల ప్రకారం కూర్చే రెండవ భాగం) అడిగినప్పుడల్లా ఒక్క టోకెన్ ఇచ్చే ఫంక్షన్‌గా మొదటి పాస్‌ను మార్చితే చాలు. మెల్విన్ కాన్వే 1963లో తన కోబాల్ కంపైలర్‌ను వివరిస్తూ చూపిన కోరూటీన్ల (ఒకదానికొకటి పని అప్పగించుకుంటూ, ఆగిన చోటి నుంచే మళ్ళీ సాగే భాగాల) ఆలోచన ఇటువంటిదే: భాగాలను సరిగా విడదీసుకుంటే, అవే భాగాలు పెద్ద యంత్రంపై ఒక్క పాస్‌గాను, చిన్న యంత్రంపై టేపుల సాయంతో పలు పాస్‌లుగాను నడుస్తాయి.

ట్రీ కట్టకుండా గడపడం కూడా సులువే. ఎ + బి * సి అన్న లెక్కకు స్టాక్ మెషీన్‌లో ఎ, బి, సి విలువలను వరుసగా ఎక్కించి, గుణించి, కూడితే సరిపోతుంది. పార్సర్ ఆ నియమాలను ముగించే క్రమం కూడా అదే గనుక, నియమం ముగిసిన చోటే కోడ్ రాసేయవచ్చు.

చిక్కు ముందుకు దూకే జంప్‌లతో (ఇంకా రాయని చోటికి వెళ్ళమనే ఆదేశాలతో) వస్తుంది. పత్రికలో వ్యాసం కింద ‘తరువాయి ...వ పేజీలో’ అని అంకె వదిలిపెట్టి, పేజీలు ఖరారయ్యాక దానిని నింపుతాము కదా, ఇక్కడా అదే ఉపాయం. వైల్ లూపు (షరతు నిజమైనంతసేపు తిరిగే పని) షరతు కోడ్‌లో 100వ చోట ఉన్నదనుకోండి. షరతు తప్పితే బయటికి దూకే జంప్ 101లో ఉంటుంది, కానీ బయట అంటే ఎక్కడో ఇంకా తెలియదు. గొలుసు ఇక్కడితో సరి అన్న గుర్తుగా అందులో 0 పెట్టండి. 105లో బ్రేక్ (లూపు నుంచి బయటపడమనే ఆదేశం) వచ్చింది, దాని గమ్యమూ అదే. అందులో పాత ఖాళీ చిరునామా 101 రాసి, గొలుసు మొదలు 105 అని గుర్తుంచుకోండి. 108లో వెనక్కి 100కు దూకడంతో లూపు ముగిసింది, బయట అంటే 109 అని తేలింది. ఇప్పుడు 105లోని 101ని చదువుకుని అక్కడ 109 రాయండి, 101కి వెళ్ళి 0ని చదువుకుని అక్కడా 109 రాయండి. 0 కనబడింది గనుక ఆగండి. వేరే జాబితా ఏదీ అవసరం లేదు, ఖాళీలే గొలుసు.

నేను మొదటిసారి ఇది రాసినప్పుడు గొలుసు మొదలును ఒకే గ్లోబల్ వేరియబుల్‌లో ఉంచాను. లోపలి లూపు దానిని 0 చేసి వదిలింది, బయటి లూపు గొలుసు పోయింది, దాని జంప్‌లో 0 అలాగే మిగిలింది; ప్రోగ్రాము లూపు ముగించిన ప్రతిసారీ మొదటి ఆదేశానికి దూకి, పాడిందే పాడింది. లూపును పార్స్ చేసే ఫంక్షన్‌లో లోకల్ వేరియబుల్‌గా పెట్టుకుంటే ఈ తంటా ఉండదు.

ఇక పేర్లు. తరువాత ఎక్కడో నిర్వచించబోయే ఫంక్షన్‌ను ముందే పిలిస్తే, దాని చిరునామాను పై పద్ధతిలోనే నింపవచ్చు గాని, అది ఎన్ని విలువలు తీసుకుంటుందో, ఏ రకం విలువ ఇస్తుందో అప్పటికి తెలియదు. నిక్లౌస్ విర్త్ 1970లో ప్రకటించిన పాస్కల్‌లో వాడేముందు ప్రకటించాలన్న నియమమూ, ఫంక్షన్ వివరాలను ముందే చెప్పి నిర్వచనాన్ని తరువాత ఇవ్వడానికి ఫార్వర్డ్ అన్న మాటా ఉన్నది ఇందుకే. అంటే మీరు కంపైలర్‌ను మాత్రమే కాదు, భాషను కూడా మార్చవలసి రావచ్చు. గైడ్‌తో ముందే తేల్చుకోవలసిన విషయం ఇదే. మన ఉమ్మడి జిల్లాలోని పుట్టపాక ఇక్కత్‌లో నూలు మగ్గం ఎక్కకముందే కట్టు కట్టి రంగు అద్దాలి, నేస్తూ నేస్తూ డిజైన్ వేయడం కుదరదు. వేరియబుల్ రకాన్ని తరువాతి వాడకాన్ని బట్టి ఊహించడం, ఫంక్షన్ మొత్తం చూసి రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి కొద్దిపాటి నిల్వ చోట్లు) పంచడం అటువంటి, అంతా ముందే తెలియవలసిన పనులు. మీ భాషలో మొదటిది ఉంటే సింగిల్ పాస్ పట్టు వదలండి. రెండవది స్టాక్ మెషీన్‌కు అవసరమే లేదు.

పాత కంపైలర్‌ను చెరిపివేయకండి. అవే ప్రోగ్రాములను రెండింటితోనూ కంపైల్ చేసి నడిపి, వచ్చిన ఫలితాలను పోల్చండి. కోడ్‌ను పోల్చితే మాత్రం తేడాలు కనిపిస్తాయి: ఫర్ లూపులో పెంపు భాగం రాతలో ముందు వచ్చినా, నడవవలసింది లూపు లోపలి పని తరువాత, ఒక్క పాస్‌లో దాని చుట్టూ అదనంగా దూకవలసి వస్తుంది.